గుర్రపుసాలలో గవరమ్మ

పూర్వం ఒక రాజుండేవాడు. ఆయన మీసాలు మొయ్యడానికే నలుగురు నౌకర్లు. సైన్యం పెరగాలి కాబట్టి ప్రతి ఇల్లాలూ ఏటా బిడ్డను కనాలనీ, కడుపు రాకుండా మందిచ్చే మంత్రసానికి చెరసాలేననీ చాటింపు వేయించాడు.

మూడేళ్లలో ముగ్గుర్ని కన్న గవరమ్మ ఈగ వాలితే తూలిపోయేది. ఇంకో కానుపొస్తే తను బతకదని ఆమెకు తెలుసు. చంటిదాన్ని చంకనేసుకుని తిన్నగా రాజుగారి గుర్రపుసాలకెళ్లి, ఈనిన గుర్రం పక్కన గడ్డిలో చతికిలబడింది.

రాజు వచ్చి, ఏడూళ్లకు వినబడేలా అరిచాడు. "ఇక్కడేం పనే నీకు?"

"ఈనిన గుర్రం దగ్గరికి రెండేళ్లదాకా మగగుర్రాన్ని రానివ్వొద్దని తమరే ఆజ్ఞ ఇచ్చారట. ఎందుకు దొరా?"

"వెంటవెంటనే ఈనితే చచ్చిపోదూ?"

"నా భయమూ అదే. అందుకే నన్నూ గుర్రాల్లో కలిపేసుకోండి."

గుర్రాలన్నీ ఒక్కసారే సకిలించాయి. రాజు మీసాలు నేలకు జారాయి. "చాటింపు రద్దు. ఎప్పుడు కంటారో, అసలు కంటారో లేదో, మీ ఇష్టం. ఇంటికి పో," అన్నాడు.

గవరమ్మ తలెత్తుకుని బయల్దేరింది. ఎంత ఎత్తుకుందంటే, ఆమె దాటడానికి కోటగుమ్మం పైదూలం ఊడదీయాల్సొచ్చింది.