నజరేతు అంగీ

తీతు తీస్తున్న సినిమాలో పద్నాలుగు సీన్లు సాఫీగా అయిపోయాయి. పదిహేనోది మాత్రం మొండికేసింది.

అది యేసు చిన్నతనం మీద సినిమా. ఆయన పశువులపాకలో పుట్టిన సంగతి అందరికీ తెలుసు. పన్నెండేళ్లప్పుడు దేవాలయంలో పెద్దలమధ్య కూచుని మాట్లాడిన సంగతీ తెలుసు. నడుమ ఆ పిల్లాడు ఏం తిన్నాడో, ఎక్కడ ఆడుకున్నాడో, ఎవరిచేత తిట్లు తిన్నాడో ఎవరూ చెప్పలేదు. ఆ చెప్పని ఏళ్లను తీతు మూడేళ్లు కూచుని ఊహించి రాసుకున్నాడు. మార్కాపురం దగ్గర పలకరాయి తవ్వి వదిలేసిన గుట్టల మధ్య నాలుగు రాతిగోడలు లేపి, దానికి యేసు పెరిగిన ఊరు నజరేతు పేరు పెట్టాడు.

పదిహేనో సీను ఇది. ఎనిమిదేళ్ల యేసు ఇంటి ముంగిట బండమీద కూచుని ఉంటాడు. పైనుంచి వెలుగు పడుతుంది. కళ్లు పైకెత్తి, పాత బట్టకు కొత్త మాసిక వెయ్యకూడదన్న మాట చెబుతాడు. పెద్దయ్యాక జనానికి చెప్పబోయే మాట అప్పుడే నోట్లోంచి దానంతటది వచ్చేస్తుందన్నమాట. వెనక గుమ్మంలో మరియమ్మ చేతులు జోడించి కన్నీళ్లు పెట్టుకుంటుంది.

శనివారం సాయంత్రం చర్చి సంఘ పెద్దలు వస్తున్నారు. వాళ్లు చూడాలన్నది ఈ సీనే. నచ్చితే సినిమా ముందుకు పోతుంది. నచ్చకపోతే మూడేళ్ల పని అక్కడితో ఆగిపోతుంది. ఆ రోజు గురువారం.

పదకొండు టేకులయ్యాయి. యేసు వేషం కట్టిన ఆమోసు ఆ మాటను ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు.

"ప్రభువులా చెప్పరా నాయనా, పదమూడో ఎక్కంలా కాదు" అన్నాడు తీతు, నుదురు పట్టుకుని.

"సార్, ఒక డౌటు."

"అడుగు."

"ఈ మాట నాకెట్టా తెలుసు?"

"ఎట్టా ఏంట్రా? నువ్వు యేసువి. నీకన్నీ తెలుసు."

"ఎవరూ చెప్పకుండానే?"

"చెప్పకుండానే."

ఆమోసు బుగ్గ గోక్కున్నాడు. "మరయితే వెనకాల మా అమ్మ ఎందుకుంది?"

తీతు కాగితంలో వెతికాడు. "భక్తితో ఏడవటానికి" అన్నాడు చివరికి.

గుమ్మంలోంచి పద్మలత అందుకుంది. ఆమె మరియమ్మ. ఇరవయ్యేళ్లు నాటకాలు ఆడి, ఇద్దరు పిల్లల్ని పెంచి, ఈ సినిమాకు వచ్చింది. మొత్తం సినిమాలో ఆమెకున్న మాటలు మూడు: 'నాయనా', 'నాయనా యేసూ', 'అయ్యో నాయనా'.

"పదకొండుసార్లు భక్తితోనే ఏడ్చానండీ. గ్లిజరిన్ అయిపోయింది. పన్నెండోసారి ఏడిస్తే అది విసుగు. తరవాత మీ ఇష్టం."

కెమెరా వెనక ఎవరో నవ్వారు. తీతు బ్రేక్ చెప్పేశాడు.

*

దొర్కమ్మ టీచరు గోడనీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూచునుంది. డెబ్భై నాలుగేళ్లు. పెళ్లి చేసుకోలేదు. ఊరూరా తిరిగి వాక్యం చెప్పింది, వారంవారం చర్చి వరండాలో పిల్లల్ని పోగేసి కథలు చెప్పింది. ఆమె ముందు బాసింపట్టు వేసుకుని కూచున్న పిల్లల్లో ముగ్గురు పాస్టర్లయ్యారు. ఆమెను మాత్రం ఆ పాస్టర్లు ఈనాటికీ వేదిక కిందనే కూచోబెడతారు. తీతు ఆమె ఆఖరి శిష్యుడు. తప్పులుంటే చెబుతుందని, కారు పంపి మరీ రప్పించుకున్నాడు. వచ్చి నాలుగు రోజులైంది. టీచరు ఒక్క తప్పూ చెప్పలేదు. చూస్తూ ఉంది.

తీతు వచ్చి ఆమె కుర్చీ పక్కన నేలమీద చతికిలపడ్డాడు.

"సీను పండటం లేదు టీచరమ్మా. ఏం తక్కువైందో మీరే చెప్పాలి. వెలుగు ఇంకాస్త పెంచమంటారా?"

"పిల్లాడు ఏదో అడిగాడుగా?"

"వాడి మొహం. ఆయనకు ఇంకొకరు నేర్పేదేముంటుంది టీచరమ్మా? ఆ మాట ఎంత లోతైంది! పాత బట్ట అంటే పాత ధర్మం, కొత్త గుడ్డ అంటే కృప. పాతదాన్లో కొత్తది ఇమడదు. ఈ ఒక్క మాట మీద నేను తొమ్మిది చర్చిల్లో ప్రసంగం చేశాను. నెల్లూరులో జనం లేచి నిలబడ్డారు."

టీచరు తలూపింది.

"అర్థం నీకు బాగా తెలుసురా" అంది.

అది మెచ్చుకోలో కాదో తీతుకు అంతుపట్టలేదు.

అప్పుడే ఆమోసు ఏడుపుమొహంతో వచ్చి నిలబడ్డాడు. బ్రేక్ అన్నారు కదా అని పలకల గుట్టమీంచి జారుడుబండ ఆడాడు. అంగీ నడుందగ్గర జానెడు చిరిగింది.

ఆ అంగీ ఒక్కటే ఉంది. నజరేతులో వడ్రంగి కొడుకు కొత్తబట్టలు కట్టడు కదా అని, పదేళ్లు వాడిన పంచెలు వెతికి తెచ్చి కుట్టించి, టీ డికాషన్‌లో ముంచి మాసిన రంగు తెప్పించారు. కుట్టినాయన అక్క కూతురి పెళ్లికని ఒంగోలు పోయాడు.

తీతు అంగీ అందుకుని, చూడకుండానే పక్కకు చాపాడు. "పద్మలతగారూ, దీన్ని కాస్త కుట్టిపెట్టండమ్మా."

అక్కడ మొత్తం పందొమ్మిదిమంది ఉన్నారు. అయినా చెయ్యి తనంతట తాను ఆమె వైపే పోయింది, అంతే.

గోడనీడకే వచ్చి కూచున్న పద్మలత కూడా అలవాటుగా చెయ్యి చాపింది. ఆ అంగీ ఆమె చేతికి చేరకముందే టీచరు నడుమలో అందుకుంది. తన సంచిలోంచి సూది తీసి, కళ్లజోడు పైకి నెట్టి, దారం ఎక్కించింది. అంగీ, సూది రెండూ తీతు ఒళ్లో పెట్టింది.

"నువ్వు కుట్టు. ఈ నజరేతు కట్టింది నువ్వే కదా."

తీతు నవ్వాడు. "నాకు రాదనుకుంటున్నారా? హాస్టల్లో గుండీలన్నీ నేనే కుట్టుకునేవాణ్ని."

"మంచిదేగా."

చిరుగు పెద్దది. దగ్గరికి లాగి కుడితే అంగీ పట్టదు. మాసిక వెయ్యాల్సిందే. తలగుడ్డలకోసం చీరాల నుంచి తెప్పించిన కోరా గుడ్డ తాను ఉంది. నీళ్లు తగలని గుడ్డ, గంజితో పెళపెళలాడుతోంది. తీతు మంచి గట్టిముక్క చూసి కత్తిరించాడు.

"అయ్యో, అదెట్టా..." అని పద్మలత ముందుకు వంగింది.

టీచరు ఆమె మణికట్టు మీద చెయ్యివేసింది. "కుట్టనీ."

తీతు రెండుపేటల దారంతో దగ్గరదగ్గరగా కుట్టాడు. నాలుక బయటపెట్టి మరీ కుట్టాడు. పద్మలత ఈ నాలుగు రోజుల్లో ఆరుగురి గుండీలు కుట్టింది, ఎవరూ తలతిప్పి చూడలేదు. డైరెక్టరు సూది పట్టేసరికి యూనిట్టంతా చుట్టూ మూగి ఫోటోలు తీసుకుంది. "ఏం వినయం సార్!" అన్నాడు కెమెరామెన్.

"ఏనుగు లాగినా ఊడదు" అన్నాడు తీతు, దారం పళ్లతో కొరుకుతూ.

మాసిక తెల్లగా మెరుస్తోంది. రంగు కలవాలని డికాషన్ కాయించి, సలసల కాగుతుండగానే అంగీ మొత్తం ముంచాడు. పిండి, పలకరాయి బండమీద పరిచాడు. మార్కాపురం ఎండ. భోజనాలయ్యేసరికి ఆరిపోయింది.

రంగు భలే కలిసింది. కానీ మాసిక చుట్టూ అంగీ ముడతలు పడింది, అరచేతిలో పట్టి నలిపినట్టు.

"వేసుకుంటే సర్దుకుంటుందిలే" అని తీతు దాన్ని ఆమోసు తలమీంచి దించాడు. పిల్లాడు చేతులు దూర్చి, ఒళ్లు విరిచాడు.

చర్రుమంది.

మాసిక మాసికలాగే ఉంది. ఒక్క కుట్టూ ఊడలేదు. దాని చుట్టూ ఉన్న పాతబట్ట మూడు పక్కలా చీలిపోయింది. జానెడు చిరుగు కాస్తా మూరెడైంది.

"నేనేం చెయ్యలేదు సార్" అన్నాడు ఆమోసు వెంటనే.

తీతు చిరుగును వేళ్లతో తడిమాడు. కుట్టును గోటితో లాగి చూశాడు, గట్టిగానే ఉంది. దారంలో తప్పులేదు, సూదిలో తప్పులేదు.

"ఇదేంటి టీచరమ్మా? ఇంత గట్టిగా కుట్టానే?"

టీచరు కళ్లజోడు సర్దుకుంది. "తీతూ, పదిహేనో సీను కాగితం నీ దగ్గరుందా?"

"ఉంది."

"ఒకసారి చదువు, వింటాను."

ఇప్పుడు కాగితమెందుకో అర్థంకాలేదు. అయినా ఆమె చదవమంటే చదవటం ఆరేళ్లప్పటి నుంచి అలవాటు. జేబులోంచి తీసి, మడతవిప్పి, గొంతు సవరించుకున్నాడు.

"'బాలయేసు: పాత బట్టకు కోరా గుడ్డ మాసిక...'"

అక్కడ ఆగాడు.

కాగితం వంక చూశాడు. అంగీ వంక చూశాడు. మళ్లీ కాగితం వంక. చెవులు ఎర్రబడ్డాయి. కెమెరామెన్ "తరవాతేంటి సార్?" అన్నాడు. తీతు కాగితం నెమ్మదిగా మడిచాడు.

"తొమ్మిది చర్చిలు" అన్నాడు, ఎవరితోనో కాదు.

టీచరు తన సంచి మూతి ముడేసుకుంటోంది.

"మీరు ముందే చెప్పొచ్చుగా టీచరమ్మా?"

"ఆ మాట రాసింది నువ్వు. నీకు నేను చెప్పటమేమిట్రా?"

తీతు ఆమోసు ఒంటిమీంచి అంగీ తీసి, దాన్ని పట్టుకుని పద్మలత దగ్గరికి పోయాడు. ఈసారి చెయ్యి మాత్రమే చాపలేదు, మొహం చూసి అడిగాడు.

"దీన్నేం చెయ్యాలండీ?"

"ముందు మీ ఏనుగుకుట్లు విప్పాలి" అంది పద్మలత. "తరవాత పాతముక్క వెతకాలి. ఎన్నోసార్లు ఉతికింది."

ఆమె గుమ్మంలో కూచుంది. తన బ్యాగులో చెప్పులు చుట్టుకోటానికి పెట్టుకున్న పాత నూలు చీరముక్కను చించింది. ఆమోసు, చిన్న పంచె ఒక్కటి చుట్టుకుని, ఆమె మోకాలికి ఆనుకుని చూస్తున్నాడు. పలకరాళ్లమీద జారటం కంటే ఇదే బాగున్నట్టుంది వాడికి.

"కొత్తగుడ్డ అంతుందిగా. ఈ చింకిది ఎందుకు?"

"కొత్తదానికి నీళ్ల సంగతి తెలీదు నాన్నా. తడిస్తే దగ్గరపడుద్ది. అది దగ్గరపడేటప్పుడు పక్కదాన్ని కూడా లాగుద్ది. ఈ పాతది ఏం ఆగుద్ది పాపం?"

"మరి ఇది?"

"ఇది ఎన్ని ఉతుకులు చూసిందో. ఎంత దగ్గరపడాలో అంతా ఎప్పుడో పడిపోయింది. ఇక ఎవర్నీ లాగదు."

ఆమోసు ఆ చీరముక్కను పట్టుకుని రెండుపక్కలా లాగి చూశాడు. కోరా ముక్కనూ లాగి చూశాడు. పెదవులు కదిలాయి, ఏదో లోపల చెప్పుకున్నట్టు.

వాడు మొదటి ప్రశ్న అడగబోతుండగానే తీతు కెమెరా దగ్గరికి పిల్లిలా నడిచాడు.

"తియ్యి" అన్నాడు గుసగుసగా.

"సార్, మేకప్ లేదు. డైలాగ్ లేదు."

"తియ్యి."

కెమెరామెన్ తీశాడు. "పైనుంచి వెలుగు? పిల్లాడి మొహం మీదేగా?"

"కాదు" అన్నాడు తీతు. "ఆమె చేతుల మీద."

*

శనివారం సాయంత్రం మిషన్ హాల్లో తెర కట్టారు. ముందువరసలో సంఘ పెద్దలు నలుగురు, వాళ్ల నడుమ అందరికంటే పెద్దవాడు జకర్యాగారు. ఆఖరి వరసలో పద్మలతా, ఆమోసూ, టీచరూ కూచున్నారు. తీతు కూచోలేక గోడకానుకుని నిలబడ్డాడు.

సీను మూడు నిమిషాలే. గుమ్మంలో ఒక తల్లి చిరిగిన అంగీకి పాతముక్క వేసి కుడుతుంది. కొడుకు అడుగుతాడు. ఆమె చెబుతుంది. వాడు రెండు ముక్కలూ లాగి చూసుకుంటాడు. అయిపోయింది.

జకర్యాగారు గడ్డం నిమురుకున్నారు. "కాగితంలో చూసింది ఇది కాదే. ఇందులో బోధ అంతా మరియమ్మదే అయిందేమిటయ్యా? ప్రభువు అంతసేపు ఏం చేస్తున్నట్టు?"

మిగిలిన ముగ్గురూ తీతు వైపు తిరిగారు. తీతు ఆఖరి వరస వైపు చూశాడు. టీచరు కళ్లు మూసుకుని ఉంది. ఇక చెప్పేదేదో తనే చెప్పుకోవాలి.

"వింటున్నాడండీ" అన్నాడు.

జకర్యాగారు ఖాళీ తెర వంక చూశారు. తరవాత కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నారు.

"ఇంకోసారి వెయ్యి."