పెద్దేటి రేవుకు అధికారి కావాలి

ఒకానొక రాజ్యంలో మనిషి చేసే పనికన్నా, తన గురించి తాను చెప్పుకునే మాటలకే విలువ ఎక్కువగా ఉండేది. ఆ రాజ్యం పేరు వజ్రకూటం. దాన్ని ఏలేవాడు ఉద్దండ భూపతి. ఆయన నిద్ర లేవగానే నలుగురు వందిమాగధులు గుమ్మం ముందు నిలబడి ఆయన బిరుదులు చదివేవారు. అది పూర్తయితేగాని ఆయన పళ్లు తోముకునేవాడు కాదు. బిరుదులు ఏటేటా పెరుగుతూ పోయి, చివరికి రాజుగారు ఫలహారం ముట్టేసరికి మధ్యాహ్నమయ్యేది.

ఆ బిరుదులన్నీ అల్లినవాడు ఆస్థాన పండితుడు శబ్దకేసరి. ఆయనకు కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఏదో ఉండేది. అది ఆయనకే గుర్తులేదు.

కోట పక్కనే పెద్దేరు పారుతుంది. అవతలి గట్టు జనం ఇవతలికి రావాలంటే పడవే దిక్కు. రేవు చూసుకోవడానికి ఒక అధికారి ఉండేవాడు. అతని బిరుదు 'జలధి గర్వభంగ'. ఆయనగారు భాద్రపదమాసపు వరదలో, రాజుగారి పుట్టినరోజు కొలువుకు జనం ఆలస్యంగా వస్తే బాగుండదని, ఇరవై మంది పట్టే పడవలో నలభై మందిని ఎక్కించాడు. పడవ నడి ఏట్లో మునిగింది. పదకొండు మంది పోయారు.

విచారణ జరిగింది. పోయినవాళ్ల జాతకాలు బాగాలేవని శబ్దకేసరి తేల్చాడు. అధికారిని మాత్రం గజశాలకు మార్చారు. ఏనుగులకు ఈత వచ్చు గనక ప్రమాదం ఉండదని రాజుగారి ఆలోచన.

కార్తీకమాసం వచ్చాక దండోరా వేశారు. "పెద్దేటి రేవుకు అధికారి కావాలహో! అర్హులెవరైనా సరే, సభకు వచ్చి తమను తాము పరిచయం చేసుకోవాలహో! పరిచయం నచ్చినవారికే ఉద్యోగమహో!"

రేవులో తాడు ముడేస్తున్న నూకాలు చెవిన ఆ మాట పడింది. నూకాలుకు నలభై ఏళ్లు దాటాయి. మొగుడు మంచాన పడ్డప్పటినుంచి పడవ ఆమే నడుపుతోంది. భాద్రపదంలో పోయిన పదకొండు మందిలో ఆమె తమ్ముడు అప్పన్న ఒకడు.

"నేను వెళ్తాను," అంది.

పక్క పడవ సన్యాసమ్మ నోరు తెరిచింది. "సభకా? మనల్ని గుమ్మం తొక్కనిస్తారా?"

"అర్హులెవరైనా అన్నాడు. నువ్వూ విన్నావుగా."

"పరిచయం చేసుకోవాలంట. ఏం చెప్తావే?"

నూకాలు తాడు ముడి బిగించింది. "నేను చేసిందే చెప్తాను. చెయ్యంది చెప్పడానికి వేరేవాళ్లు వస్తారులే," అంది.

మర్నాడు పొద్దున్నే సభ నిండిపోయింది. మధ్యలో ఒక నీళ్ల తొట్టి పెట్టారు. అందులో అడుగున సన్నటి చిల్లున్న రాగి గిన్నె వదిలారు. గిన్నె నిండి మునిగేలోగా ఎవరి పరిచయం వారు ముగించాలి.

మొదట రాణిగారి చుట్టం తురగరాయడు లేచాడు. మీసం దువ్వుకుని, తన వంశానికి మూలపురుషుడి దగ్గర మొదలుపెట్టాడు. ఆ మూలపురుషుడు పులిని ఒంటిచేత్తో చంపాడట. ఆయన కొడుకు రెండు పులులను చంపాడట. ముత్తాత దగ్గరికి వచ్చేసరికి అడవిలో పులులు అయిపోయాయి, గిన్నె కూడా మునిగింది. తురగరాయడు ఏం చేశాడో ఎవరికీ తెలియకుండానే పోయింది. అయినా సభ చప్పట్లు కొట్టింది.

తర్వాత జలశాస్త్రంలో ఘనుడని పేరున్న ఒక పండితుడు వచ్చాడు. నదికి సంస్కృతంలో ఉన్న నూట ఎనిమిది పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

"నీవు ఎప్పుడైనా పడవ ఎక్కావా?" అని అడిగాడు రాజు.

"లేదు మహాప్రభో. శాస్త్రం తెలిసినవాడు నీటికి దూరంగా ఉండాలి. దగ్గరికి వెళితే దృష్టి చెదురుతుంది."

"ఆహా!" అన్నాడు రాజు.

శబ్దకేసరి ప్రశ్న వేశాడు. "ఉద్యోగార్థి తన లోపం కూడా చెప్పుకోవాలి. నీలో ఉన్న లోపమేమి?"

పండితుడు సిగ్గుపడుతూ తల వంచుకున్నాడు. "అతిగా కష్టపడటమే స్వామీ. ఎంత మానుకుందామన్నా మానలేకున్నాను."

సభంతా అయ్యో పాపం అంది. మూల నిలబడ్డ నూకాలు అతని చేతులు చూసింది. అరచేతులు వెన్నముద్దల్లా ఉన్నాయి.

చివరికి నూకాలు ముందుకు వచ్చింది. చీర కుచ్చెళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి. శబ్దకేసరి ముక్కు మూసుకున్నాడు.

"ఏమే, చేపలమ్మడానికి వంటింటి వాకిలి అటు," అన్నాడు. సభ గొల్లున నవ్వింది.

నూకాలు చెంపలు వేడెక్కాయి. కాని చూపు దించలేదు. "గిన్నె వదలమనండి బాబూ," అంది.

గిన్నె వదిలారు.

"నా పేరు నూకాలు, మారాజా. ఇరవై రెండేళ్లుగా పెద్దేటి మీద పడవ నడుపుతున్నాను. నా పడవ ఎక్కినవాళ్లంతా గట్టున దిగి ఇళ్లకు పోయారు. భాద్రపదంలో మునిగిన పడవలోంచి పదముగ్గుర్ని పైకి లాగాను. వాళ్లలో ఇద్దరు ఈ సభలోనే ఉన్నారు, అడగండి. నా తమ్ముణ్ణి మాత్రం లాగలేకపోయాను. రేవు నా చేతికిస్తే ప్రతి పడవకూ పక్కన సున్నంతో ఒక గీత గీస్తాను. నీళ్లు ఆ గీత దాకా వస్తే పడవ కదలదు. ఎక్కింది ఏలినవారైనా సరే."

ఆమె ఆగింది. గిన్నె సగం కూడా నిండలేదు.

"అంతేనా?" అన్నాడు శబ్దకేసరి.

"అంతే బాబూ. ఉన్నదంతా చెప్పేశాను."

"నీ లోపం?"

"వరద రోజుల్లో మధ్యాహ్నం దాటాక అవతలి గట్టు దగ్గర సుడి ఎక్కడ లేస్తుందో నాకిప్పటికీ అంతు చిక్కలేదు. అందుకే ఆ వేళప్పుడు పడవ దించను."

వెనక వరసలో ఇద్దరు భటులు తలలూపారు. వాళ్లే ఆమె పైకి లాగినవాళ్లు. కాని రాజుగారి మనసులో ఒక్క మాటే ముల్లులా దిగింది.

"ఏలినవారైనా సరేనా?" అంటూ ఆయన సింహాసనం మీదినుంచి సగం లేచాడు. "నన్ను ఆపుతావా? నేనెవరో తెలుసా? ఎవరక్కడ! దీనికి మా పరిచయం చేయండి!"

వందిమాగధులు అందుకున్నారు. గిన్నె మునిగింది. దాన్ని తీసి మళ్లీ వదిలారు. రెండోసారీ మునిగింది. మూడోసారి సగంలో ఉండగా ఒకడు గొంతెత్తి, "సప్తనదీ స్తంభన! నామశ్రవణమాత్ర ప్రవాహ నిరోధక!" అని అరిచి దగ్గుకుంటూ కూర్చున్నాడు.

"ఆఖర్న అన్నదానికి అర్థమేంటి బాబూ?" అని నూకాలు అడిగింది.

శబ్దకేసరి ఛాతీ విరుచుకున్నాడు. "ప్రభువుల పేరు చెవిన పడితే చాలు, పారే నది నిలిచిపోతుందని!"

"నిజంగానే?"

"అక్షరాలా నిజం! ఆ బిరుదు రాసింది నేనే!"

నూకాలు రెండు చేతులూ జోడించింది. "అయితే ఈ ఉద్యోగం ఎందుకు మారాజా? రోజుకు రెండుసార్లు తమరి పేరు చెప్పి ఏరు ఆపిస్తే జనం నడిచే దాటిపోతారు. ఆ బిరుదు రాసినవారు ఎదురుగానే ఉన్నారు. ఏట్లో నడుం లోతున నిలబడి ఒక్కసారి చదవమనండి. ఏరు ఆగితే నాకు గుండు గీయించి ఊరేగించండి."

ఉద్దండ భూపతి శబ్దకేసరి వంక చూశాడు. వద్దంటే బిరుదు అబద్ధమని ఒప్పుకున్నట్టే. పైగా ఆ బిరుదు నిజమేనేమోనని ఆయనకు లోపల ఓ ఆశ కూడా ఉంది.

"పదండి రేవుకు!" అన్నాడు.

రేవులో జనం పోగయ్యారు. శబ్దకేసరి చీలమండల లోతు దిగి, ఇవాళ వర్జ్యం ఉందన్నాడు. మోకాళ్ల లోతున గొంతు బొంగురుపోయిందన్నాడు. "ఊఁ, కానివ్వండి," అన్నాడు రాజు గట్టుమీదినుంచి. నడుం లోతుకు వెళ్లి పండితుడు చెయ్యెత్తాడు.

"సప్తనదీ స్తం..."

కాలికింద ఇసుక జారింది. పట్టుశాలువా ఒక దారి, పండితుడు ఒక దారి. తల ఒకసారి మునిగి తేలింది.

"నూకాలూ! నూకాలమ్మా! తల్లీ! చచ్చిపోతున్నానమ్మా!"

నూకాలు అప్పటికే తాడు విసిరింది. ఇద్దరు పడవవాళ్లతో కలిసి లాగి ఆయన్ని గట్టున పడేసింది. బోర్లా తిప్పి నీళ్లు కక్కించింది. అప్పన్న పోయిన చోటు అక్కడికి ఎదురుగానే, నడి ఏట్లో ఉంది. ఆమె అటు చూడకుండా తాడు చుట్టసాగింది.

"మారాజా," అంది తల ఎత్తకుండా, "మునిగేవాడు తన బిరుదులు చెప్పుకోడు. లాగేవాళ్ల పేరే పిలుస్తాడు. ఇందాక సభలో నా పేరు అడగనైనా అడగని పండితులవారు ఇప్పుడు రెండుసార్లు పిలిచారు. నా పరిచయం ఇంతకన్నా బాగా నేను చేసుకోలేను."

ఉద్దండ భూపతి తడిసి ముద్దయిన పండితుణ్ణి చూశాడు. పెదవులు బిగబట్టుకున్నాడు. నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వాక ఆస్థానమంతా, ఇందాకటినుంచీ ఆపుకుంటున్నదాన్నంతా కక్కేసినట్టు నవ్వింది.

"రేవు నీదే నూకాలూ!" అంటూ రాజు తన చేతి కంకణం తీసి ఇచ్చాడు. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కాని ఎదురుగా అంత జనం కనపడేసరికి నోరు ఊరుకోలేదు. కాలు ముందుకు వేసి, చెయ్యి చాచి, "వజ్రకూట ప్రజలారా! ఉద్దండ వంశసముద్ర పూర్ణచంద్రులమైన మేము..." అని మొదలుపెట్టాడు.

పడవలో జనం ఎక్కి కూర్చున్నారు. పసిపిల్ల ఒకతె ఏడుస్తోంది. నూకాలు ఒకటికి రెండుసార్లు దగ్గింది. రాజు ఇంకా ముత్తాతల దగ్గరే ఉన్నాడు.

"మారాజా," అంది చివరికి, "కాస్త పక్కకు జరగండి. పడవ తాడు తమరి కాళ్ల కింద ఉంది."

రాజు మాట ఆపి కిందికి చూశాడు. తాడు నిజంగానే ఆయన ముత్యాల చెప్పుల కింద నలుగుతోంది. ఆయన ముఖం ఎర్రబడింది, తర్వాత మెల్లగా విచ్చుకుంది. ఈసారి ఒక్కడే, నిమ్మళంగా నవ్వాడు. నవ్వుతూనే రెండడుగులు పక్కకు వేశాడు.

నూకాలు తాడు విప్పి పడవ తోసింది.