పైడమ్మ దోసిలి

అనగా అనగా, వినేవాళ్లకి తీరిక, చెప్పేవాళ్లకి ఓపిక ఉన్న కాలంలో, ఒక పట్నంలో సున్నపుబట్టీల పేట అని ఒక పేట ఉండేది. ఆ పేటలో పైడమ్మ అని ఒక ముసలామె. పొద్దున్నే చోడిపిండితో, అదే రాగిపిండితో, అంబలి కాచేది, చల్లారాక మజ్జిగ కలిపేది, కుండ నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్మేది. బట్టీల్లో పనిచేసేవాళ్లంతా ఆ అంబలి తాగి పెరిగినవాళ్లే.

ఆమెకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు గవరయ్య, చిన్నవాడు సూరన్న. ఒకే కంచంలో తిని పెరిగారు.

ఇలా ఉండగా పేటకి వార్డు ఎన్నికలొచ్చాయి. ఇద్దరు నిలబడ్డారు. ఒకరిది గొడుగు గుర్తు, ఇంకొకరిది గంట గుర్తు. గవరయ్య గొడుగు వైపు వెళ్లాడు, సూరన్న గంట వైపు వెళ్లాడు. ముందు మాటలు తగ్గాయి. తర్వాత పొయ్యిలు వేరయ్యాయి. ఆ తర్వాత వాకిట్లో అడ్డంగా తడిక లేచింది.

పైడమ్మ పెద్దవాడి దగ్గరికెళ్లి చెప్పింది. వాడు వినలేదు. చిన్నవాడి దగ్గరికెళ్లి చెప్పింది. వాడూ వినలేదు. నిలబడ్డ పెద్దమనుషుల గుమ్మాలకెళ్లి, నా పిల్లల్ని నాకు ఇచ్చేయండి బాబూ అంది. వాళ్లు నవ్వి పంపేశారు. ఇంక ఎవరికి చెప్పాలో ఆమెకి తెలియలేదు.

ఓట్ల రోజు వచ్చింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. మధ్యాహ్నానికి ఒక పుకారు పుట్టింది, చచ్చిపోయినవాడి ఓటు ఎవరో వేసేశారని. మీరేనని వీళ్లు, మీరేనని వాళ్లు. ఓట్లు వేస్తున్న బడి ముందర ఇటొక గుంపు, అటొక గుంపు. చేతుల్లోకి కర్రలొచ్చాయి. ఇటు ముందు వరసలో గవరయ్య, అటు ముందు వరసలో సూరన్న. కాపలా ఉన్న ఒక్క పోలీసు జవానూ గోడకి అతుక్కుపోయాడు.

అంబలి కుండతో అటే వస్తున్న పైడమ్మ ఇదంతా చూసింది. వెనక్కి వెళ్లిపోదామనుకుంది. కాని కొడుకులిద్దరూ కనబడుతుంటే ఎక్కడికి వెళ్తుంది? నడుచుకుంటూ వచ్చి సరిగ్గా రెండు గుంపుల మధ్య కుండ దించింది. ఆగమని అనలేదు, ఏడవలేదు. కొబ్బరిచిప్ప గరిటె ముంచి పెద్దకొడుకు వైపు చాపింది.

"ఎండలో నిలబడ్డావు. తాగు నాయినా."

గవరయ్య కర్ర వదలకుండా ఒక చెయ్యి చాపాడు. పైడమ్మ గరిటె వంచలేదు.

"ఒంటిచేత్తో అంబలి నిలవదురా. దోసిలి పట్టు."

గవరయ్య తల్లి ముఖంలోకి చూశాడు. చూసి, కర్ర కింద పెట్టాడు. దోసిలి పట్టాడు. ఆమె పోసింది, వాడు తాగాడు.

అప్పుడామె అటు తిరిగింది. సూరన్న అప్పటికే వట్టి చేతులతో నిలబడి ఉన్నాడు. వాడికీ పోసింది. వాడి వెనకవాడికి పోసింది, ఇటు వాడికి పోసింది, అటు వాడికి పోసింది. దాహం ఎవరికి లేదు? ఒక్కొక్క కర్రా నేల పట్టింది. కుండ అడుగంటేసరికి ఎవరు ఎటువాళ్లో తెలియకుండా కలిసిపోయి ఉన్నారు. జవాను కూడా వచ్చి దోసిలి పట్టాడు.

తర్వాత అందరూ వరసలో నిలబడి ఓట్లేశారు. చచ్చినవాడి ఓటు ఎవరూ వేయలేదనీ, అది వట్టి పుకారనీ సాయంత్రానికి తేలింది. ఒక్క తల పగల్లేదు, ఒక్క బొట్టు నెత్తురు పడలేదు. పైడమ్మ ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడి, అప్పుడు ఏడ్చింది. గుండెల మీంచి బండ దిగినట్టు హాయిగా ఏడ్చింది. తడిక అవతల నించి సూరన్న వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఇవతల నించి గవరయ్య వచ్చి కూర్చున్నాడు. ఆ పూట ముగ్గురూ ఒకే పొయ్యి మీద వండుకు తిన్నారు.

ఆ ఎన్నికల్లో గొడుగు గెలిచిందో గంట గెలిచిందో ఇప్పుడు పేటలో ఎవరికీ గుర్తులేదు. పైడమ్మ పండుటాకులా రాలిపోయి ఎన్నాళ్లయిందో కూడా ఎవరూ చెప్పలేరు. కాని ఓట్ల రోజు వస్తే ఇప్పటికీ ఆ బడి ముందర అంబలి కుండ పెడతారు. గ్లాసులు పెట్టరు. ఎంతటివాడైనా దోసిలి పట్టాల్సిందే. వీధిలో ఇద్దరు మాటా మాటా అనుకుని మీదికెళ్తుంటే, అరుగు మీది ముసలివాళ్లు ఇప్పటికీ ఒకటే మాట అంటారు: "పైడమ్మ వస్తోంది, చేతులు ఖాళీ చేసుకోండి."