రేవుపాటలో ఎవరి గొంతు ఎంత?

ముందు ఆ టీవీ సౌండు తగ్గించండర్రా! వంటింట్లో మిక్సీ, ఇక్కడ టీవీ, మధ్యలో మీ ఇద్దరి కొట్లాట. నేను చెప్పే కథ ఎవరి చెవిన పడుతుంది? ఆఁ, అలా. ఇప్పుడు వినండి.

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున ఒక బోలు బండ ఉండేది. ఎండిన ఆనపకాయ బుర్రలాగా దాని లోపలంతా ఖాళీ. దాని ముందు నిలబడి ఎవరేం కూసినా, ఆ కూత అవతలి ఒడ్డుదాకా పోయేది.

చలికాలంలో ఆ వాగు మీద మంచు దిగిందంటే కాలి కింద ఏముందో కూడా కనపడదు. వాగులోనేమో లోతు మడుగులు. మడుగుల్లో మొసలి. అవతలికి మేతకు వెళ్ళినవాళ్ళు తిరిగి రావాలంటే రాళ్ళ మీద నుంచి రావడం ఒక్కటే దారి. అదైనా తిన్నగా ఉంటుందా? వంకరటింకర! అందుకే మంచు పట్టిన పొద్దున అడవిలోవాళ్ళంతా బోలు బండ దగ్గర చేరి రేవుపాట పాడేవారు. ఏ రాయి ఎక్కాలో, ఎటు తిరగాలో అంతా ఆ పాటలోనే ఉండేది.

"నల్లరాయి ఎక్కు తల్లీ, ఎడమ పక్కకు తిరుగు తల్లీ" అని మాటలు పాడేది తేనెపిట్ట. దాని పేరు సన్నాలు. బొటనవేలంత పిట్ట, గొంతూ అంతే. వడ్రంగిపిట్ట రంగయ్య చెట్టు మీద టక్ టక్ మని తాళం వేసేవాడు. కప్పల పెద్ద బొండయ్య తనవాళ్ళతో కలిసి బెకబెకమని శ్రుతి పట్టేవాడు. కీచురాయి కోమలమ్మ, ఆమె గుంపు వెనకాల జుమ్మని మోగేవాళ్ళు.

మరి ఎవరి గొంతు ఎంత వినపడాలి? అది చూసుకునేది కుందేలు దూదమ్మ. అంతలేసి చెవులు ఊరికే ఇచ్చాడా దేవుడు! మీలాగా రిమోట్ నొక్కితే సరిపోయే పని కాదది. బండకు దగ్గరగా జరిగితే గొంతు పెద్దగా పోతుంది. దూరంగా జరిగితే చిన్నగా పోతుంది. అందుకని ఎవరి చోటు వాళ్ళకు దూదమ్మే చూపించింది. సన్నాలు బండ అంచు మీద. రంగయ్య కాస్త ఎడంగా మద్దిచెట్టు మీద. కోమలమ్మ గుంపు పుట్ట అవతల, వాగు గట్టు మీది గడ్డిలో. బొండయ్య వాళ్ళు బాగా దిగువన, రాళ్ళ దారి మన ఒడ్డుకు తగిలేచోట, బురదలో.

దూదమ్మ చెవులు బంగారం. కానీ ఆ తల్లికి ఒక్క జబ్బు ఉంది. మొహమాటం! ఎదుటివాళ్ళు మొహం ముడుచుకుంటే చాలు, ఇక కాదనలేదు.

ఇంకా మంచు దిగలేదు. అందరూ సాధన చేసుకుంటున్న రోజులవి. ఒకరోజు బొండయ్య గెంతుకుంటూ వచ్చాడు.

"అక్కా, మా అత్తగారి వైపు వాళ్ళు వచ్చారు. పాటలో నీ గొంతేది అల్లుడూ అంటున్నారు. నా పరువు పోతోంది. ఒక్క అడుగు ముందుకు జరగనా?"

"ఒక్క అడుగేగా. జరుగు నాయనా," అంది దూదమ్మ.

మర్నాడు రంగయ్య వచ్చి వాలాడు.

"ఏం చెల్లెమ్మా, కప్పలకో న్యాయం, నాకో న్యాయమా? ముక్కు అరిగేలా కొట్టేది నేను!"

"అయ్యయ్యో, కోపం తెచ్చుకోకు అన్నయ్యా. నువ్వూ జరుగు," అంది దూదమ్మ.

ఆ సాయంత్రమే కోమలమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ వచ్చింది.

"మేము మాత్రం ఆ పుట్ట వెనకాల పడి ఉండాలా పిన్నీ? మేమంటే నీకు లెక్కలేదు!"

"ఏడవకమ్మా, ఏడవకు. మీరూ రండి," అంది దూదమ్మ.

అంతటితో ఆగిందా? రంగయ్య జరిగాడని బొండయ్య ఇంకో అడుగు. బొండయ్య జరిగాడని కోమలమ్మ ఇంకో అడుగు. చివరికి ముగ్గురూ బండకు ఆనుకుని కూర్చున్నారు. బండ దగ్గర ఒకటే మోత! "అబ్బ, ఏం పాట! అడవి అదిరిపోతోంది!" అని ఎవరికి వాళ్ళే మురిసిపోయారు.

సన్నాలు మెల్లగా అంది, "వదినా, నా గొంతు నాకే వినపడట్లేదు."

"కాస్త గట్టిగా పాడవే. అందర్నీ ఇప్పుడు వెనక్కి పొమ్మంటే ఏం బాగుంటుంది?" అంది దూదమ్మ. చూశారా మొహమాటం ఎంత పని చేసిందో!

ఒకరోజు తెల్లవారగానే మంచు దిగింది. దిగీ దిగగానే లేడి సీతాలు పరుగెత్తుకుంటూ వచ్చింది. 

"దూదమ్మా! మేత దగ్గర రేచుకుక్కలు తరిమాయి. మంచు కమ్మకముందే మందంతా వాగు దాటేశాం. వెనక్కి తిరిగి చూస్తే నా చుక్కి లేదు! అవతలే ఉండిపోయింది. పసిపిల్ల, దానికి రాళ్ళ దారి తెలియదు. నేను వెళ్దామంటే కాలు ఎక్కడ పెట్టాలో నాకే కనపడట్లేదు. పాడండమ్మా, మీకు దణ్ణం పెడతాను!"

"రేవుపాట మొదలెట్టండి!" అని అరిచింది దూదమ్మ.

మొదలెట్టారు. బండ దద్దరిల్లింది. సీతాలు మంచులోకి కళ్ళు చించుకుని చూసింది. చుక్కి రాలేదు.

"సన్నాలూ, ఇంకాస్త గట్టిగా!" అంది దూదమ్మ. సన్నాలు ప్రాణమంతా పెట్టి పాడింది. గొంతు జీరబోయింది. చుక్కి రాలేదు.

"అందరూ గట్టిగా! ఇంకా గట్టిగా!" అంది దూదమ్మ. కప్పలు పొట్టలు పగిలేలా అరిచాయి. రంగయ్య బండకు ఆనుకున్న చెట్టు బెరడు ఊడేలా కొట్టాడు. చుక్కి రాలేదు.

సీతాలు నేల మీద కూలబడింది. "నా బిడ్డ పోయిందమ్మా," అని ఏడ్చింది.

 దూదమ్మ ఏమనుకుందో ఏమో, ఒక్క దూకు దూకి వాగులోకి పరుగు తీసింది. తనకు తెలిసిన మొదటి రాయి ఎక్కింది, రెండో రాయి ఎక్కింది. మంచులో నిలబడి చెవులు నిక్కించి వింది.

అక్కడికి పాట రావట్లేదు. రేకుల కప్పు మీద రాళ్ళు కుమ్మరించినట్టు ఒకటే గోల. అందులో మాట లేదు, దారి లేదు.

"అయ్యో, ఎంత పని చేశాను! ఇన్నాళ్ళూ పాడేవాళ్ళ పక్కన కూర్చుని విన్నాను. వినాల్సినవాళ్ళు ఉండేచోట నిలబడి ఒక్కసారైనా వినలేదు," అనుకుంది.

వెనక్కి ఉరికింది. "ఆపండి! అందరూ నోరు మూయండి!" అని కేక పెట్టింది. దూదమ్మ అలా అరవడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. అడవంతా గప్‌చుప్ అయిపోయింది.

అప్పుడు వినపడింది, అవతలి ఒడ్డు నుంచి, సన్నగా.

"అమ్మా... అమ్మా... ఎటు రావాలే?"

పాపం, ఆ పిల్ల మొదట్నుంచీ పిలుస్తూనే ఉంది. వీళ్ళ గోలలో వీళ్ళకే వినపడలేదు. సీతాలు దిగ్గున లేచింది. "ఉంది! నా చుక్కి ఉంది!"

"సన్నాలూ, నువ్వొక్కదానివే పాడు. అరవకు. మామూలుగా పాడు," అంది దూదమ్మ.

సన్నాలు పాడింది. మాటలు మంచులోంచి తేటగా పోయాయి. చుక్కి మొదటి రాయి ఎక్కింది. అంతలో కాలు జారి బుడుంగుమని చప్పుడైంది. ఎలాగో మళ్ళీ రాయి ఎక్కింది.

"అమ్మా, అడుగు ఎప్పుడు వెయ్యాలో తెలియట్లేదే! తొందరపడుతున్నా!"

దూదమ్మ రంగయ్య వైపు తిరిగింది. "అన్నయ్యా, తాళం కావాలి. కానీ నీ మద్దిచెట్టు మీద నుంచి."

"నన్ను వెనక్కి పొమ్మంటావా?" అని రంగయ్య జుట్టు నిక్కించాడు.

"అవును, పో. ఇప్పుడే పో. అలిగితే రేపొచ్చి బతిమాలుకుంటా!"

రంగయ్య మద్దిచెట్టు మీదికి ఎగిరాడు. టక్... టక్... దూరం నుంచి తాళం మెత్తగా మొదలైంది. చుక్కి ఒక్కో దెబ్బకు ఒక్కో అడుగు వేసింది. నల్లరాయి దాటింది, ఎడమకు తిరిగింది. వాగు మధ్యలో మళ్ళీ ఆగిపోయింది.

"అమ్మా, మన ఒడ్డు ఎటుందే? ఏమీ కనపడట్లేదు!"

అవతలి ఒడ్డున రేచుకుక్కలు మొరిగాయి. దూదమ్మ నోరు తెరిచేలోపే బొండయ్య, "మా పాత బురదలోకి పోతాం అక్కా! పదండ్రోయ్!" అని కప్పలన్నిటినీ వెంటేసుకుని దిగువకు దూకాడు. రేవు దగ్గర, నేల మీదుగా, బెక... బెక... అని శ్రుతి మొదలైంది. చుక్కి మొహం అటు తిప్పింది.

"కోమలమ్మా, పుట్ట వెనక్కి వెళ్ళి గడ్డిలోంచి సన్నగా జుమ్మనండి. పైన మాట వినపడుతూనే ఉండాలి సుమా!" అంది దూదమ్మ. కోమలమ్మ గుంపు గట్టుకేసి పరుగెత్తింది.

ఇప్పుడు రేవుపాట రేవుపాటలా ఉంది. పైన సన్నాలు మాట. కింద అందరూ ఉన్నారు, ఎవరూ ఎవరి మీదా పడట్లేదు. దూదమ్మ మళ్ళీ రెండో రాయి మీద నిలబడి చెవులు నిక్కించి వింది. "ఇదీ!" అంది.

మంచులోంచి ముందు ముక్కు కనపడింది. తర్వాత చెవులు. తర్వాత తడిసి ముద్దయిన చుక్కి, దూదమ్మను దాటుకుని ఒక్క గెంతు గెంతి తల్లి పొట్ట కింద దూరింది.

సీతాలు దాన్ని నాకుతూనే ఉంది. ఏడుస్తూనే ఉంది. నవ్వుతూనే ఉంది. అమ్మయ్య! అడవంతటికీ ఊపిరి వచ్చింది. సన్నాలు అలిసిపోయి దూదమ్మ వీపు మీద వాలింది.

"గొంతు పోయిందా తల్లీ? తప్పు నాదేనే. నువ్వు ముందే చెప్పావు, నేను వినలేదు," అంది దూదమ్మ.

"పోలేదులే వదినా. రేపటికి వచ్చేస్తుంది," అంది సన్నాలు.

కాసేపటికి చుక్కి తల బయటపెట్టింది. "అమ్మా, టక్ టక్ మన్నది ఎవరే? ఆ దెబ్బ లేకపోతే మడుగులో పడేదాన్ని. బెకబెకమన్నది ఎవరు? ఒడ్డు ఎటుందో దానివల్లే తెలిసింది. గడ్డిలో జుమ్మంటుంటే, హమ్మయ్య, గట్టు వచ్చేసిందనుకున్నా."

రంగయ్య, బొండయ్య, కోమలమ్మ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బండకు ఆనుకుని అన్నాళ్ళు అరిచినా, మీ గొంతు విన్నానని వాళ్ళతో ఒక్కరూ అనలేదు. వెనక్కి వెళ్ళిన రోజే అన్నది చుక్కి.

బొండయ్య గొంతు సవరించుకున్నాడు. "అక్కా, ఒక్క మాట..."

"ఏంటి నాయనా, మళ్ళీ ముందుకా?" అంది దూదమ్మ. ఈసారి ఆమె మొహంలో మొహమాటం లేదు.

"కాదు. ఇంకో అడుగు వెనక్కి జరగమంటావా?"

అందరూ పకపకా నవ్వారు. చుక్కి కూడా నవ్వింది.

అయ్యిందర్రా కథ. మిక్సీ ఎప్పుడు ఆగిందో కూడా చూసుకోలేదు మీరు. మీ అమ్మ వంటింట్లోంచి మిమ్మల్ని ఎన్నిసార్లు పిలిచిందో! వెళ్ళి పలకండి.

నీతి: అందరూ గొంతు పెంచితే ఎవరి మాటా చేరదు, వినేవాళ్ళ కోసం ఎవరి చోట వాళ్ళు తగ్గి పలికితే ప్రతి గొంతూ చేరుతుంది.