కామెర్లు దిగ్గొట్టిన నక్క

ఇప్పపూలు రాలి, బండల గుంటల్లో పడి, ఎండకు పులిసి, ఆ వాసన కొండ దిగువదాకా కొట్టే రోజులవి. అప్పుడు ఎలుగుబంటిని వెతకాలంటే గుంట దగ్గరికే వెళ్లాలి. పొద్దున పెట్టిన మూతి పొద్దువాలేదాకా తియ్యడు. పైగా, "పువ్వేగా, విషమా?" అంటాడు.

ఆ ఏడు అతని కళ్లు పచ్చబడ్డాయి. తిండి సయించడం లేదు. పిల్లలిద్దరూ "నాన్న కళ్లలో బంతిపూలు పూశాయి!" అని గంతులేస్తుంటే, పక్క పొదలో ఉండే మేక పరుగెత్తుకొచ్చింది.

"ఎలుగన్నా, కొంగ డాక్టరమ్మకి చూపించుకో."

"ఆవిడ మొదట తాగుడు మానమంటుంది. నక్క మామైతే కామెర్లు దిగ్గొట్టి పంపుతాడు."

నక్క వైద్యం తేలిక. ఎలుగు ముందుకాళ్లకి పసరు రుద్ది, సున్నపు తేట పోస్తాడు. నీళ్లు పసుప్పచ్చగా కారతాయి. "అదిగో, రోగం దిగింది! ఇక హాయిగా తాగు" అని ఒక తేనెపట్టు పుచ్చుకుంటాడు. అలా మూడుసార్లు దిగింది. కళ్ల పచ్చదనం మాత్రం చెక్కుచెదరలేదు.

నాలుగోసారి మేక కూడా వెంట వెళ్లింది. పసరు వాసన తగలగానే ముక్కుపుటాలు ఎగరేసింది.

"మామా, ఇది మావిడి బెరడు కదూ?"

"హిమాలయాల మూలిక! ఆడదానివి, నీకేం తెలుసు?"

"పుట్టినప్పట్నుంచీ బెరడు నమిలి బతికేదాన్ని, నాకు తెలీదా? అది నమిలి సున్నం గోడ నాకితే నా నాలుకా పచ్చబడేది. మరి నాకెన్ని కామెర్లు దిగాయో చెప్పు!" అంటూ సున్నపు తేట కుండను కొమ్ముతో ఒక్క పోటు పొడిచింది.

తేటంతా నక్క కాళ్ల మీద పడింది. పొద్దుట్నుంచీ పసరు రుద్దుతున్న కాళ్లాయె, మిలమిలా పచ్చబడ్డాయి.

"అయ్యో పాపం, వైద్యుడికే కామెర్లు!" అంది మేక.

ఎలుగు నక్క కాళ్లకేసి చూశాడు, తన కాళ్లకేసి చూసుకున్నాడు. అతను లేచి నిలబడేసరికి నక్క కనుచూపు మేరలో లేడు.

కొంగ డాక్టరమ్మ ఎలుగు కంటిరెప్ప పైకెత్తి చూసింది, పొట్ట నొక్కింది, రక్తం పరీక్ష చేసింది. "నీ కార్జం, అదే కాలేయం, ఎలాంటిదో తెలుసా? దెబ్బలు తింటూ కూడా ఇంటిల్లిపాదికీ వండిపెట్టే ఇల్లాలు. కిక్కురుమనదు. మంచాన పడ్డాకే మీకు కనిపిస్తుంది."

"నేను పోతానా డాక్టరమ్మా?" అన్నాడు ఎలుగు. "పిల్లలు చిన్నవాళ్లు."

"కొంత గట్టిపడింది, కొంత బాగుంది. ఇవాళే మానేస్తే ఆ బాగున్నది నిన్ను మోస్తుంది. మానాక ఒళ్లు వణికితే దాచకు, పరిగెత్తి నా దగ్గరికి రా. నీది తాగుడు వల్ల వచ్చింది, కానీ రక్తం ద్వారా ఒకరి నుంచి ఒకరికి పాకే కామెర్లు కూడా ఉన్నాయి, పిల్లలకి టీకా వేయించు."

వణికాడు. దాచలేదు. రెండుసార్లు గుంట దాకా వెళ్లి, మేక తిట్లు తిని తిరిగొచ్చాడు.

మళ్లీ ఇప్పపూలు రాలాయి. ఎలుగు ఒక్క క్షణం ఆగి, గాలి పీల్చి, పిల్లల్ని వీపునెక్కించుకుని గుంట దాటి పోయాడు. "నాన్నా, బంతిపూలు రాలిపోయాయి!" అన్నారు పిల్లలు కళ్లలోకి వంగి చూసి.

ఆ దారిలోనే కొంగమ్మ ముంగిట నక్క కూర్చుని ఉన్నాడు, కుండలాంటి బొజ్జతో. ఊళ్లన్నీ తిరిగి కాజేసిన తేనెపట్లతో, కదలని ఒంటితో కార్జానికి కొవ్వు పట్టిందట.

"కంగారు పడకు మామా," అంది వెంట వచ్చిన మేక తీరిగ్గా ఆకు నములుతూ, "సున్నపు తేట తెస్తా, దిగ్గొట్టుకుందువుగాని!"

"నడక మొదలుపెట్టు, తేనె మానెయ్, నీకూ వేళ మించలేదు" అంది కొంగమ్మ నక్కతో.

నీతి: కార్జం కేకేసేది ఆఖర్న, అది నోరు మూసుకుని పనిచేస్తున్నప్పుడే దాని మాట వినండి.