గురవమ్మ పట్టుకుపోయిన ఆలోచన

నేను చెబుతుంటే చిన్నకోడలు రాస్తోంది, ముందూ వెనకా తారుమారైతే సర్దుకోండి.

గురవమ్మ రోజంతా పొగ ఎటు పోతోందో చూస్తూ కూర్చునేది. అది చూసి ఊరి దొరకు ఒళ్ళు మండింది.

"ఆలోచనలు కూడు పెడతాయా? రేపే ఊరొదిలి పో!"

"అలాగే దొరా. నా ఆలోచన కూడా పట్టుకుపోతా."

వేడి పైకి పోతుందన్నదే ఆ ఆలోచన. దాన్నిబట్టే కుమ్మరి కుండలు కాల్చే ఆవానికీ, పశువుల కొట్టానికీ, చివరికి దొర వంటింటికీ పైన కంతలు పెట్టించింది ఆమే.

తెల్లారగానే నిచ్చెనెక్కి వంటింటి కంత మూసేసింది. మేడంతా పొగ కమ్మింది. దొర దగ్గుతూ వీధిలోకి పరుగెత్తుకొచ్చాడు.

"తియ్యవే తల్లీ! ఊళ్ళోనే ఉండు!"

గురవమ్మ తాపీగా దొర అరుగు మీదే కూర్చుంది.

"తీస్తా దొరా. ఎలా తియ్యాలో కాస్త ఆలోచించుకోనివ్వండి."

ఆవిడ పేరు గురవమ్మేనా, ఓసారి చూడమ్మా చిన్నకోడలా.