పేరిందేవమ్మ తొమ్మిది రకాల సారె

అనగనగా కాలువ గట్టున ఒక ఊరు. ఆ ఊళ్ళో పేరిందేవమ్మ అని ఒకావిడ ఉండేది. మనిషి మంచిది, చేతివంట అమృతం. కాకపోతే నోటితో వండినంత వేగంగా పొయ్యి మీద వండలేదు. అదీ ఆవిడ గొడవ.

ఆవిడకి తాయారని ఒక్కతే కూతురు. కొత్తగా పెళ్ళయింది. ఆషాఢమాసంలో కొత్తకోడలు అత్తగారింట్లో ఉండకూడదంటారు కదా, అందుకని పుట్టింటికొచ్చింది. నెల కాగానే సారెతో వెనక్కి వెళ్ళాలి. సారె అంటే కూతురితో పంపే పిండివంటలు చిట్టీ. అత్తగారు వాటిని వీధంతా పంచుతుంది. వీధంతా తిని, పిల్ల పుట్టింటికి పేరు పెడుతుంది.

ఆషాఢం వెళ్ళగానే ఒకరోజు పొద్దున్నే పడవ సరంగు అత్తారి కబురు తెచ్చాడు. "ఈ సాయంత్రం పడవకే అమ్మాయిని పంపమన్నారండి. మళ్ళీ పదిరోజుల దాకా మంచిరోజు లేదంట."

తాయారు గుండెలో రాయి పడింది. సారె లేకుండా వెళ్తే అత్తారింట్లో తల ఎక్కడ పెట్టుకోవాలి?

పేరిందేవమ్మ మాత్రం బొడ్లో కొంగు దోపింది. "సారెలో తొమ్మిది రకాలు వస్తున్నాయని మా వియ్యపురాలితో చెప్పు!" అంది. సరంగు సరేనని పడవెక్కి వెళ్ళిపోయాడు. ఇంకేముంది, మాట నీళ్ళ మీద పడి ముందే వెళ్ళిపోయింది.

అప్పుడు మొగుడు సూరన్న నెమ్మదిగా అన్నాడు. "ఏమే, ఉన్నది ఒక పొయ్యి. చేతిలో ఉన్నది ఒక పూట. తొమ్మిది రకాలేంటే? ముందు చలిమిడి చేసెయ్యి. అది లేకుండా ఆడపిల్లని పంపకూడదు కదా."

"చలిమిడి ఎవరైనా చేస్తారు! అది ఆఖర్న చూద్దాం. మీరెళ్ళి గేదెల సంగతి చూడండి," అందావిడ.

అదృష్టం బావుండి ముందురోజే బియ్యం నానబోసి ఉంది. దంచి పిండి కొట్టింది. ముందుగా అరిసెలకి బెల్లం పాకం పెట్టింది. పాకం ఉడికేలోపు కొబ్బరి కోరేద్దామని పెరట్లోకి పోయింది. పాకం ఈవిడ కోసం ఆగుతుందా? ముదిరి కూర్చుంది. అందులోనే కాస్త పిండి పోసి అరిసెలు వేసింది. సూరన్న ఒకటి కొరికాడు. పన్ను కదిలింది. విసిరేస్తే పెరట్లో కోడి కెవ్వుమని గోడెక్కింది.

ఆ తర్వాత లడ్డూలకి బూంది దూసింది. బూంది వేగుతుండగానే కజ్జికాయలకి పిండి కలపబోయింది. వెనక్కి తిరిగేసరికి బూంది ఆవాల్లా నల్లగా మాడిపోయింది.

ఆ తర్వాత కజ్జికాయలు. తొందరలో అంచులు సరిగ్గా నొక్కలేదు. నూనెలో పడగానే అన్నీ నోళ్ళు తెరిచాయి. కోరిన కొబ్బరంతా నూనె పాలైంది.

"ఒక్కటి కూడా మిగల్లేదా?" అంటావేంటే చిట్టీ, నీకెప్పుడూ తిండి గోలే. మిగల్లేదు. విను.

పొద్దు వాలింది. పేరిందేవమ్మ పొయ్యి ముందు కూలబడి భోరుమంది. "నా తల్లిని ఒట్టి చేతుల్తో పంపుతున్నానే!"

అప్పుడు తాయారు పక్కన కూర్చుని కొంగుతో అమ్మ మొహం తుడిచింది. "అమ్మా, పడవ రావడానికి ఇంకా కాసేపుంది. ఆ కాసేపట్లో అయ్యేదేదో అదే చేద్దాం. తడిపిండి సగం మిగిలే ఉందిగా."

పేరిందేవమ్మ లేచింది. పిండిలో బెల్లం వేసింది, నెయ్యి వేసింది, కొబ్బరి ముక్కలు వేసింది. మెత్తగా మర్దించింది. పొయ్యితో పనే లేదు. గిన్నెడు చలిమిడి అయిపోయింది, ఇంకా తీరిక మిగిలింది కూడా! కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని నోట్లో ముద్ద పెట్టింది. తర్వాత ఇద్దరూ చేతులు పట్టుకుని రేవు దాకా కబుర్లు చెప్పుకుంటూ నడిచారు.

దీపాలు పెట్టేవేళకి తాయారు అత్తారిల్లు చేరింది. తొమ్మిది రకాలని విని వీధిలో ఆడవాళ్ళంతా అరుగు మీదే కాచుకుని ఉన్నారు. అత్తగారు శేషారత్నం మూత తీసింది. ఉన్నది చలిమిడి ఒక్కటే.

తాయారు తలెత్తి ఉన్నమాట చెప్పేసింది. "అమ్మ తొమ్మిదనే అనుకుంది అత్తయ్యా. మాకున్నది ఒక్క పూట. ఆ పూటకి కుదిరింది ఇదే."

శేషారత్నం మళ్ళీ మూత పెట్టి గిన్నె చంకనెత్తుకుంది. ఆ తర్వాత కోడల్ని లోపలికి తీసుకెళ్ళి గొంతు తగ్గించి చెప్పింది. "మీ అమ్మే నయమే. పోయినేడు మా అమ్మాయికి నేను పదకొండు రకాలన్నాను. లడ్డూలు చుడుతూ కూర్చున్నాను. అది వెళ్ళొస్తానమ్మా అంటే తలెత్తనన్నా లేదు. సారె పడవలోకి ఎక్కింది కానీ, దాని మొహం నేను చూసుకోలేదు."

చెప్తూ చెప్తూ కళ్ళొత్తుకుంది. "మీ అమ్మ రేవు దాకా వచ్చిందా?"

"వచ్చిందత్తయ్యా. పడవ మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది."

"అయితే ఇది నిండు సారేనే," అని శేషారత్నం మొదటి ముద్ద కోడలి నోట్లోనే పెట్టింది. మిగిలింది పట్టుకుని వీధిలోకి దర్జాగా నడిచింది.

కథ కంచి దారి పట్టింది,
మా చిట్టికి కునుకు పట్టింది.